కొత్త బ్యాటరీ కొనే ముందు

హనుమకొండ

చిరంజీవికి పెదనాన్న ఆశీస్సులు.

నీ ఫోను వచ్చినప్పటినుంచి మీ నాన్న కారు గురించే ఆలోచిస్తున్నాను. పొద్దున తాళం తిప్పగానే అందుకుంటుంది, మధ్యాహ్నం కాజీపేట స్టేషన్ దగ్గర మొరాయిస్తుంది, అరగంట ఆగితే ఏమీ ఎరగనట్టు బయలుదేరుతుంది అన్నావు. కొత్త బ్యాటరీ కొంటానన్నావు. ఇప్పుడే కొనకు.

2014లో మేడారం జాతరకు వెళ్తూ పస్రాలో ఆగితే నా పాత కారూ ఇలాగే చేసింది. అప్పటికే బ్యాటరీ మార్చాను, ఇంజనును తిప్పి లేపే సెల్ఫ్ మోటారుకు కార్బన్ బ్రష్‌లు వేయించాను. తీరా తప్పు ఎర్త్ వైరులో ఉంది. బ్యాటరీ నెగటివ్ నుంచి ఇంజనుకు వెళ్లే ఆ లావు వైరు పైకి నల్లగా నిగనిగలాడుతోంది. కొస దగ్గర తొడుగు చీల్చి చూస్తే లోపలి రాగి పోగులు పచ్చగా చిలుము పట్టి, వేళ్ల మధ్య నలిపితే రాలిపోయాయి. చల్లగా ఉన్నప్పుడు మిగిలిన నాలుగు పోగులతోనే పని నడిచింది. వేడెక్కాక సెల్ఫ్‌కు కావలసినంత కరెంటు అందలేదు.

అందుకే ఈసారి ఆగినప్పుడు తాళం పదేపదే తిప్పకు. హెడ్‌లైటు వేసి, ఒక్కసారి తిప్పి, చెవిపెట్టి విను. టకటకమని వరసగా కొట్టుకుంటూ లైటు మసకబారితే బ్యాటరీ నీరసించింది, లేదా టెర్మినళ్లు, అంటే బ్యాటరీకి వైర్లు బిగించే చోట్లు, పట్టు తప్పాయి. లైటు వెలుగు తగ్గకుండా ఒక్క 'టక్' వినిపిస్తే సెల్ఫ్‌నో, ఇంజను ఎర్త్‌నో అనుమానించు. అసలు చప్పుడే లేకపోతే తాళం స్విచ్, సెల్ఫ్‌కు కరెంటు వదిలే రిలే అనే చిన్న స్విచ్, సెల్ఫ్ మీది సన్న వైరు చూడాలి. సెల్ఫ్ చురుగ్గా తిరుగుతున్నా ఇంజను అందుకోకపోతే దారి వేరు: పెట్రోలు పంపు, స్పార్కు, ఇంజను తిరగడాన్ని కనిపెట్టే క్రాంక్ సెన్సర్. ఈ సెన్సర్ పాడవుతుంటే వేడికి పనిచేయడం మానేసి, చల్లారాక మళ్లీ బాగుండవచ్చు. మన ఎండల్లో దాన్నీ మరవకూడదు.

ఏ రోజు, ఎంత దూరం నడిచాక, ఏ చప్పుడు వచ్చిందో డాష్‌బోర్డులో చిన్న పుస్తకం పెట్టుకుని రాయి. బాగా నడుస్తున్న కారును చూసి ఏ మెకానిక్కూ తప్పు పట్టుకోలేడు.

వోల్టులు కొలిచే మల్టీమీటర్ ఒకటి కొనుక్కో. రాత్రంతా ఆగిన కారులో బ్యాటరీ 12.6 వోల్టులు చూపితే నిండుగా ఉన్నట్టు. మీటరు ఒక కొస నెగటివ్ కడ్డీ మీద, రెండోది ఇంజను లోహం మీద ఆనించి, ఎవరితోనైనా తాళం తిప్పించు. అర వోల్టు దాటిందంటే ఎర్త్ సరిగా లేదు. గేరు న్యూట్రల్‌లో ఉండాలి, హ్యాండ్ బ్రేకు వేసి ఉండాలి. చేతి ఉంగరం తీసెయ్యి, నాన్నా, ఇది మాత్రం మరవకు.

టెర్మినళ్ల మీద తెల్లటి పొడి ఉంటే ముందు నెగటివ్, తరువాత పాజిటివ్ విప్పు. వంటసోడా కలిపిన నీళ్లతో కడుగు; ఆ నీళ్లు బ్యాటరీ లోపలికి పోనివ్వకు. బాగా ఆరాక బిగించేటప్పుడు నెగటివ్ చివరన.

ఆదివారం పొద్దున ఈ పని చేసి, మీటరు చూపిన అంకెలు నాకు చెప్పు. వైరు మార్చాల్సి వస్తే ఆటోనగర్‌కు ఇద్దరం కలిసే వెళ్దాం.

ఇట్లు,
పెదనాన్న