మన్రో ఇంటిపేరు వెతుకుతున్న చిన్నికి

చి. సౌ. చిన్నికి పెద్దనాయన ఆశీర్వదించి రాసేది. ఇక్కడ అందరం క్షేమం. ఒంట్లో ఎలా ఉంటోందో, డాక్టరు ఏమంటోందో తీరిగ్గా రాయి.

మీ ఆయన ఇంటిపేరు మన్రో అని తెలిసినప్పటి నుంచి మీ అవ్వకు కాలు నేల మీద నిలవడం లేదు. ఇంటికొచ్చిన ప్రతి మనిషికీ "మా మనవరాలు మన్రో దొర వంశంలో పడింది" అని చెబుతోంది. ఆమె ముత్తాత పేరు మన్రోలప్ప. రెండు వందల ఏళ్ళ కిందట సీమలో శిస్తులు నిర్ణయించి, తర్వాత మద్రాసు గవర్నరైన థామస్ మన్రోయే ఆ దొర. సీమ పల్లెల్లో ఒకప్పుడు బిడ్డలకు ఆయన పేరు పెట్టుకునేవాళ్ళు. అందుకే ఆమెకు అంత సంబరం. నువ్వు మాత్రం "అది నిజమేనా, ఎలా తెలుసుకోవాలి?" అని అడిగావు. పుట్టబోయే బిడ్డ కోసం వంశవృక్షం గీస్తానన్నావు. చాలా సంతోషించాను. గ్లాస్గోలో ముప్పై ఏళ్ళు ఉన్నాను, ఇలాంటి వెతుకులాటలు కొన్ని చేశాను. తెలిసింది చెబుతాను.

ముందుగా దొర మాట పక్కన పెట్టు. పేరున్న మనిషి దగ్గర మొదలుపెట్టి కిందికి వస్తే, ఎక్కడో ఒకచోట మన కోరికే దారి చూపిస్తుంది. మీ ఆయన దగ్గర మొదలుపెట్టి పైకి వెళ్ళు. ఈ ఆదివారం మీ అత్తమామల ఇంటికి వెళ్ళినప్పుడు ఒక నోటుబుక్కు తీసుకెళ్ళు. మామగారి తాత ఏ ఊళ్ళో పుట్టాడు, ఏ చర్చికి వెళ్ళేవాడు, ఏం పని చేసేవాడు, భార్య పుట్టింటిపేరు ఏమిటి, ఇవి అడుగు. పాత బైబిల్ ఉంటే ముందు పేజీలు చూడు. పుట్టిన తేదీలు అక్కడ రాసుకోవడం వాళ్ళలో చాలా ఇళ్ళలో ఉంది. పెద్దవాళ్ళు ఉన్నప్పుడే అడగాలి తల్లీ, రికార్డులు ఎక్కడికీ పోవు.

నేను చేసిన తప్పు కూడా చెబుతాను. నాతో పనిచేసిన ఒక మన్రోకు వంశవృక్షం గీసిస్తానని మాటిచ్చాను. ఇంటర్నెట్‌లో ఎవరో గీసిపెట్టిన చెట్టు ఒకటి దొరికింది. ఆయన పూర్వీకుడు జాన్ పేరు అందులో ఉంది, ఊరూ కలిసింది. ఒక్క సాయంత్రంలో మన్రోల పెద్ద ఇల్లయిన ఫౌల్స్ కోట ప్రభువుల దాకా ఎక్కించేశాను. ఆయన దాన్ని ఫ్రేము కట్టించి గోడకు పెట్టుకున్నాడు. రెండేళ్ళ తర్వాత ఆ వైపు వెళ్ళి శ్మశానంలో ఒక రాయి మీద నాచు చేత్తో తుడిచి చూస్తే, ఆ చెట్టులోని జాన్ నాలుగేళ్ళ పసివాడుగా పోయాడని ఉంది. ఆయన పూర్వీకుడు అదే ఊళ్ళోని ఇంకో జాన్. ఆ మాట చెప్పడానికి ఆయన ఇంటికి వెళ్ళిన రోజు నాకు ఇప్పటికీ బాధగానే ఉంటుంది. అందుకే చెబుతున్నాను, ఒక్కో మెట్టుకూ కాగితం చేతికొచ్చాకే పై మెట్టు మీద కాలు పెట్టు.

నీ అదృష్టం ఏమిటంటే స్కాట్లాండ్ కాగితాలు చాలా గట్టివి. 1855 జనవరి 1 నుంచి ప్రతి పుట్టుక, పెళ్ళి, చావు ప్రభుత్వ రిజిస్టరుకు ఎక్కాలని చట్టం వచ్చింది. స్కాట్లాండ్స్ పీపుల్ అనే ప్రభుత్వ వెబ్‌సైటులో డబ్బు కట్టి ఆ పేజీల బొమ్మలు చూడొచ్చు. మరీ దగ్గరి కాలంవి అక్కడ తెరుచుకోవు. పుట్టుకలకు 100, పెళ్ళిళ్ళకు 75, చావులకు 50 ఏళ్ళు దాటాలి. ఆ తర్వాతివి కావాలంటే నకలు తెప్పించుకోవాలి, లేదా ఎడిన్‌బరోలో వాళ్ళ కేంద్రానికి వెళ్ళాలి.

అన్నిటికంటే ముందు చావు రిజిస్టరు చూడు. వినడానికి అదోలా ఉంటుంది గానీ అసలు బంగారం అక్కడే ఉంది. చనిపోయిన మనిషి తండ్రి పేరు, ఆయన చేసే పని, తల్లి పేరు, ఆమె పుట్టింటిపేరు, అన్నీ ఒకే వరుసలో ఉంటాయి. ఇంగ్లండు కాగితంలో ఇది దొరకదు. ఒక్క పేజీతో రెండు తరాలు దొరుకుతాయి. చివర్లో కబురు చెప్పిన మనిషి సంతకం ఉంటుంది. చదువు రానివాళ్ళయితే ఇంటూ గుర్తు వేసేవాళ్ళు. తండ్రి చావు రాయించడానికి వచ్చిన కొడుకు గుర్తు అలా మొదటిసారి చూసినప్పుడు నేను చాలాసేపు పేజీ తిప్పలేకపోయాను. ఒకటి మాత్రం గమనించు. ఆ వివరాలు చెప్పింది దుఃఖంలో ఉన్న మనిషి. అవ్వ పుట్టింటిపేరు తప్పు చెప్పి ఉండొచ్చు. పెళ్ళి కాగితంతోనూ, 1841 నుంచి పదేళ్ళకోసారి తీసిన జనాభా లెక్కలతోనూ సరిచూసుకో.

1855కు ముందు చర్చి రిజిస్టర్లే దిక్కు. దారి అక్కడ ఇరుకవుతుంది. 1843లో స్కాట్లాండ్ చర్చి రెండుగా చీలింది. ఉత్తరపు కొండసీమ హైలాండ్స్‌లో జనం చాలామంది, విడిపోయిన ఫ్రీ చర్చి వైపు వెళ్ళారు. కాబట్టి ఆ ఏళ్ళ బాప్తిస్మం పాత చర్చి పుస్తకంలో కనబడకపోతే బిడ్డ పుట్టలేదనుకోవద్దు. పేరు కూడా ఒకేలా ఉండదు. ఒకే మనిషి ఒకచోట మన్రో, ఇంకోచోట మొన్రో, చివర ఒక ఇంగ్లీషు అక్షరం ఎక్కువ. అన్ని స్పెల్లింగులతోనూ వెతుకు.

బిడ్డల పేర్లు కూడా దారి చూపిస్తాయి. వాళ్ళలో పెద్దకొడుక్కి తండ్రి తండ్రి పేరు, రెండోవాడికి తల్లి తండ్రి పేరు, పెద్దకూతురికి తల్లి తల్లి పేరు పెట్టే ఆచారం ఉండేది. తాత పేరు పెట్టుకునే మనకు ఇది వివరించాల్సిన పని లేదు. చిక్కు కూడా అక్కడే ఉంది. నలుగురు అన్నదమ్ములుంటే నలుగురి ఇళ్ళలోనూ ఒకే పేరుతో ఒక్కో మనవడు. నేను పడ్డ గుంట అదే.

ఇక పేరు పుట్టుక సంగతి. హైలాండ్స్ వాళ్ళ పాత భాష గేలిక్‌లో మన్రోను రొథాచ్ అంటారు. రో నుంచి వచ్చినవాడు అని అర్థం. ఐర్లండులో డెరీ వైపు పారే రో నది ఒడ్డు నుంచి వచ్చారని వాళ్ళ నమ్మకం. ఊరి పేరే ఇంటిపేరైన మనవాళ్ళకు ఇది తేలిగ్గా అర్థమవుతుంది. డోనల్డ్ అనే మూలపురుషుడు రాజుకు సాయం చేసి పదకొండో శతాబ్దంలో భూమి పొందాడంటారు. క్రోమార్టీ సముద్రపాయ ఉత్తరపు ఒడ్డున, కిల్టర్న్, ఆల్‌నెస్ పారిష్‌లున్న (పారిష్ అంటే ఒక చర్చి కిందికి వచ్చే ఊళ్ళు) ఆ నేలను ఫెరిన్‌డోనల్డ్, అంటే డోనల్డ్ భూమి, అంటారు. ఫౌల్స్ కోట అక్కడే ఉంది. నడివేసవిలోనైనా సరే, రాజు అడిగితే ఒక మంచుముద్ద ఇవ్వాలన్నది ఆ భూమికి శిస్తు అని చెప్పుకుంటారు. పక్కనే బెన్ వివిస్ కొండ ఉంది కదా, దాని మడతల్లో మంచు ఆలస్యంగా కరుగుతుంది. ఇవన్నీ చెప్పుకునే కథలు. రాతపూర్వకంగా ఆ కుటుంబం కనబడేది పద్నాలుగో శతాబ్దంలో.

ఇక్కడ మీ ఆయనకు నచ్చజెప్పాల్సిన మాట ఒకటుంది. మన్రోలందరూ ఒకే రక్తం కాదు. హైలాండ్స్ రైతులకు చాలాకాలం స్థిరమైన ఇంటిపేరు ఉండేది కాదు. ఇయన్ కొడుకు డోనల్డ్ అంటే సరిపోయేది. పాదిరి పుస్తకంలో ఇంటిపేరు రాయాల్సి వచ్చినప్పుడు ఏ ప్రభువు నేల దున్నుతున్నారో ఆయన పేరే చాలామంది తీసుకున్నారు. ఆ కౌలుదారు వంశమే మీదైతే చిన్నబుచ్చుకోవద్దని చెప్పు. కోటలోవాళ్ళ పేర్లు ఎవరైనా దాస్తారు, వీళ్ళవి వెతికి రాయడానికి మనుషులు కావాలి.

ఆ నేల నుంచి ఈ పేరు ఏయే దారుల్లో వెళ్ళిందో తెలిస్తే మీ కొమ్మ ఎటు వెళ్ళిందో వెతకడం తేలిక. 1626లో మెకే రెజిమెంటుతో జర్మనీ యుద్ధాలకు వెళ్ళారు, అందులో చాలామంది తిరిగి రాలేదు. 1642లో ఉత్తర ఐర్లండులోని అల్‌స్టర్‌కు వెళ్ళిన స్కాట్ సైన్యానికి రాబర్ట్ మన్రో నాయకుడు. 1651లో ఇంగ్లండులోని వూస్టర్ యుద్ధంలో చిక్కిన ఖైదీలను ఓడలెక్కించి బోస్టన్ పంపారు. బోస్టన్ దగ్గరి లెక్సింగ్టన్ ఊళ్ళోని మన్రోల మూలపురుషుడు అలాగే వచ్చాడంటారు. వర్జీనియా వెళ్ళిన కొమ్మలో జేమ్స్ మన్రో అమెరికా అధ్యక్షుడయ్యాడు. ఆయన పేరు మీదే ఆఫ్రికాలో లైబీరియా రాజధాని మన్రోవియా ఉంది. పేరు రక్తంతోనే రానక్కర్లేదనడానికి మార్లిన్ మన్రో ఉంది. అది ఆమె తల్లి పుట్టింటిపేరు.

మన దొర దారి కూడా ఇందులోనే కలుస్తుంది. థామస్ మన్రో 1761లో గ్లాస్గోలో పుట్టాడు. తండ్రి వర్జీనియాతో వ్యాపారం చేసేవాడు. 1775 ఏప్రిల్ 19న లెక్సింగ్టన్‌లో తుపాకులు పేలి అమెరికా స్వాతంత్ర్య యుద్ధం మొదలైంది. ఆ ఉదయం చనిపోయినవాళ్ళలో రాబర్ట్ మన్రో అనే ముసలాయన ఉన్నాడు. ఆ యుద్ధంతోనే గ్లాస్గోలో ఈ తండ్రి వ్యాపారం కూలింది. కొడుకు కంపెనీ సైన్యంలో చేరి 1780లో మద్రాసులో దిగాడు. 1800 నుంచి 1807 దాకా మన దత్తమండలాల్లో ఊరూరా తిరిగి శిస్తులు నిర్ణయించాడు. మద్రాసు గవర్నరై మళ్ళీ వచ్చి 1827 జులై 6న పత్తికొండలో కలరాతో పోయాడు. ముందు గుత్తిలో పూడ్చి, తర్వాత మద్రాసు కోటలోని సెయింట్ మేరీస్ చర్చికి తీసుకెళ్ళారు. ఆయనకు ఇద్దరు కొడుకులు. తండ్రి నుంచి కొడుక్కి వచ్చే బారొనెట్ బిరుదు ఉన్న కుటుంబం కాబట్టి వాళ్ళ సంతానం వివరాలు అచ్చులోనే ఉన్నాయి. మీవాళ్ళు ఆ కొమ్మ అయితే నువ్వు ఎక్కుతూ పోయే మెట్లలో ఆ పేర్లు వాటంతటవే తగులుతాయి. తగలకపోతే ఆ మాట మీ అవ్వకు నేను చెబుతాను, నువ్వు దిగులుపడకు.

ఎవరైనా ఇండియాలో పుట్టారనో పోయారనో తేలితే, మద్రాసు ప్రెసిడెన్సీ బాప్తిస్మాల, పెళ్ళిళ్ళ, ఖననాల నకళ్ళు లండన్ బ్రిటిష్ లైబ్రరీలో ఉన్నాయి. ఆ పని నాకు వదిలెయ్.

మీ ఇన్వర్నెస్ నుంచి, ఫౌల్స్ కోట వైపున్న ఎవాంటన్ ఊరు దగ్గరే. ఎండ ఉన్న రోజు వెళ్ళి ఫైరిష్ కొండ మీది కట్టడం కింద నుంచైనా చూసి రా. ఈ నెలల్లో కొండ ఎక్కొద్దు. ఇండియాలో కంపెనీ సేనానిగా పనిచేసిన హెక్టర్ మన్రో కట్టించిన ఆ కమానులు మన నాగపట్నం కోట ద్వారానికి నకలు. ఆయన నేల మీదే కిల్డర్మోరీలో గొర్రెల మేతకు కౌలిచ్చి రైతుల బీడు లాగేసుకుంటే, 1792లో జనం లేచి గొర్రెల మందలను దక్షిణానికి తోలుకుపోసాగారు. సిపాయిలొచ్చి ఆపారు. ఆ గొడవలో గొర్రెలు తోలినవాళ్ళలోనూ మన్రోలు ఉండి ఉంటారు కాబట్టి ఆ ఊళ్ళ పేర్లు కాగితాల్లో తగిలితే వదలొద్దు.

మామగారి తాత చావు కాగితం దొరకగానే ఫోటో తీసి పంపు. చేతిరాత అర్థం కాకపోతే ఇద్దరం కూర్చుని చదువుదాం. పంపేటప్పుడు పేజీ మొత్తం తీయి, పక్క మార్జిన్ కూడా పడాలి. తప్పులు దిద్దినప్పుడు, ఆ దిద్దుబాటు వేరే పుస్తకంలో ఉందన్న గుర్తు అక్కడే వేస్తారు.

ఆశీస్సులతో,
పెద్దనాయన