ఇంటి కంప్యూటర్ నుంచి రోజంతా పాటలు దానంతటదే రావాలంటే ఏం చేయాలి?

మీ ప్రశ్న నాకు అర్థమైనంతవరకు ఇదీ: విశాఖ గాజువాకలో మీ ఇంట్లో పాత డెస్క్‌టాప్ ఒకటి ఉంది. నాన్నగారి క్యాసెట్ల నుంచి ఎక్కించిన కీర్తనలు, హరికథలు, పాత సినిమా పాటలు అన్నీ అందులోనే ఉన్నాయి. హైదరాబాద్‌లో ఉన్న అక్క గానీ, ఊళ్ళో ఉన్న అమ్మమ్మ గానీ ఎప్పుడు ఫోన్ తీసినా రేడియోలో వచ్చినట్టు ఏదో ఒకటి వస్తూ ఉండాలి. పొద్దున్న భక్తి పాటలు, మధ్యాహ్నం సినిమా పాటలు. ఆ కంప్యూటర్ దగ్గర ఎవరూ కూర్చోనక్కర్లేకుండా.

ఎంవీపీ కాలనీలో మా ఇంట్లో ఇలాంటిదే కొన్నేళ్ళుగా నడుస్తోంది కాబట్టి చెబుతున్నాను. పాటను బయటికి పంపడం పెద్ద పనేం కాదు, ఒక సాయంత్రంలో అయిపోతుంది. కరెంటు పోయి వచ్చాక, నెట్ తెగి కలిశాక, ఎవరూ ముట్టుకోకుండా పాట మళ్ళీ మొదలవ్వాలి. అసలు కష్టం అక్కడుంది. ప్రతి మెట్టు దగ్గరా "ఇది ఆగిపోతే ఏమవుతుంది?" అని అడుగుతూ కట్టుకుంటూ వెళ్ళండి.

ముందు ఒక్క విషయం తేల్చుకోండి. వినేవాళ్ళు తమకు కావలసిన పాటను వెతికి పెట్టుకోవాలంటే నావిడ్రోమ్ గానీ జెల్లీఫిన్ గానీ (ఇంటి పాటలను ఫోన్‌లో వెతికి వినే వీలిచ్చే ప్రోగ్రాములు) చాలు, ఈ జవాబు మీకు అక్కర్లేదు. మీరు రేడియో అన్నారు, అమ్మమ్మగారి గురించి అన్నారు. ఏ పాట అని అడగకుండా నొక్కగానే వచ్చేదే ఆవిడకి కావాలి. అందుకని ఆ దారే చెబుతాను.

ఇందులో రెండు ప్రోగ్రాములు పనిచేస్తాయి. ఒకటి ఐస్‌కాస్ట్. ఇది పాటను ఎంచదు, వాయించదు. తన దగ్గరికి వచ్చిన ధ్వనిని ఎంతమంది అడిగితే అంతమందికీ పంచుతుంది. రెండోది లిక్విడ్‌సోప్. ఏ వేళకి ఏ ఫోల్డర్‌లోంచి ఏ పాట తీయాలో నిర్ణయించి, దాన్ని ఐస్‌కాస్ట్‌కి అందిస్తుంది. రెండూ ఉచితం, డెబియన్‌లో (విండోస్‌కి బదులు వేసుకునే ఉచిత లినక్స్ సిస్టమ్) నేరుగా దొరుకుతాయి. విండోస్ వదలడం ఇష్టం లేకపోతే మిక్స్ అనే డీజే ప్రోగ్రామ్‌లో ఆటో డీజే ఉంది, అదీ ఐస్‌కాస్ట్‌కి పంపగలదు. కానీ ఏదో ఒక అర్ధరాత్రి అప్‌డేట్ కోసం విండోస్ రీస్టార్ట్ అవుతుంది, పొద్దున్న ఎవరో ఒకరు వెళ్ళి మళ్ళీ మొదలుపెట్టాలి. కాబట్టి నా ఓటు డెబియన్‌కే. టెర్మినల్ అంటే టెన్షన్ అయితే అజురాకాస్ట్ చూడండి. అది లోపల ఈ రెండింటినే వాడుకుంటూ, బ్రౌజర్‌లోంచే అంతా నడిపించుకునే వీలిస్తుంది. కాకపోతే మెమరీ ఎక్కువ తింటుంది, మరీ పాత డెస్క్‌టాప్‌కి బరువు.

ఐస్‌కాస్ట్ 8000 పోర్టు మీద నడుస్తుంది. దాని సెట్టింగ్స్ ఫైల్‌లో పాస్‌వర్డులన్నీ మొదట 'హ్యాక్‌మీ' అనే ఉంటాయి. డెబియన్ ఇన్‌స్టాల్ చేసేటప్పుడే కొత్తవి అడుగుతుంది, అప్పుడే మార్చేయండి. అదే ఫైల్‌లో మీ మౌంట్ (ఐస్‌కాస్ట్‌లో మీ స్ట్రీమ్‌కి ఉండే చిరునామా) కింద క్యారెక్టర్ సెట్ యూటీఎఫ్-8 అని కూడా రాయండి. ఎంపీ3 స్ట్రీమ్‌లకి అది రాయకపోతే తెలుగులో ఉన్న పాటల పేర్లు ఫోన్‌లో పిచ్చి గుర్తులుగా కనిపిస్తాయి. నాన్నగారు ఓపిగ్గా తెలుగులో టైప్ చేసి పెట్టిన పేర్లు సరిగ్గా కనపడితే ఆ ఆనందమే వేరు.

లిక్విడ్‌సోప్ దగ్గర కాస్త నెమ్మదిగా వెళ్ళండి, మొత్తం వ్యవహారంలో రుచి ఉన్నది ఇక్కడే. ఒక్కో వేళకి ఒక్కో ఫోల్డర్ పెట్టండి: ఉదయం, మధ్యాహ్నం, సాయంత్రం, రాత్రి. ప్రతి ఫోల్డర్‌నీ ఒక ప్లేలిస్ట్‌గా చెప్పి, రీలోడ్ మోడ్ 'వాచ్' అని పెడితే, ఫోల్డర్‌లో కొత్త పాట వేసినా పాతది తీసినా అదే గమనించుకుంటుంది. స్విచ్ అనే ఆదేశంలో 5 నుంచి 9 దాకా ఉదయం ఫోల్డర్, 9 నుంచి 4 దాకా మధ్యాహ్నం ఫోల్డర్ అని గంటలు రాస్తారు. కంప్యూటర్ టైమ్‌జోన్ ఏషియా-కోల్‌కతా అని ఉందో లేదో తప్పకుండా చూడండి. యూటీసీలో (గ్రీనిచ్ సమయంలో) ఉండిపోతే మీ 5 గంటల కీర్తనలు పదిన్నరకి మొదలవుతాయి.

ఇక హరికథల సంగతి. స్విచ్ మామూలుగా నడుస్తున్న పాటని మధ్యలో కోయదు, అయ్యాకే తర్వాతి ఫోల్డర్‌కి మారుతుంది. మూడు నిమిషాల పాటలకి ఇది చాలా బాగుంటుంది. కానీ 8:50కి గంటన్నర హరికథ మొదలైతే మధ్యాహ్నం ఫోల్డర్ 10:20 దాకా ఎదురుచూడాలి. అలాగని మధ్యలో కోసేసే సెట్టింగ్ పెట్టొద్దు, కథ ముగింపు వినకుండా ఆపేస్తే పెద్దవాళ్ళకి ఎంత కష్టమో మా ఇంట్లో చూశాను. హరికథలకి విడిగా ఒక ఫోల్డర్ చేసి, రాత్రి 8 నుంచి వాటికే వదిలేయండి.

లిక్విడ్‌సోప్ మొదటిసారి మీ స్క్రిప్ట్‌ని (ఇవన్నీ రాసిన ఫైల్‌ని) నడపను పొమ్మంటే కంగారు పడకండి. ఈ ప్లేలిస్ట్ ఎప్పుడైనా ఆగిపోవచ్చు, అప్పుడు ఏం పంపాలో చెప్పలేదు అని దాని గొడవ. ఫోల్డర్ ఖాళీ కావచ్చు, ఫైల్ పాడై ఉండవచ్చు, హార్డ్‌డిస్క్ ఊడిపోవచ్చు. మనం మరిచిపోయే ప్రశ్న అది ముందే అడుగుతోందన్నమాట. చాలామంది 'ఎంకేసేఫ్' అనే మాట తగిలించి ఊరుకుంటారు. దానివల్ల స్క్రిప్ట్ నడుస్తుంది కానీ ఆపదలో నిశ్శబ్దం వస్తుంది. అమ్మమ్మగారు ఫోన్ పాడైందనుకుంటారు. దానికి బదులు తంబూరా శ్రుతి ఉన్న ఒక్క ఫైల్‌ని ఆఖరి ఆధారంగా పెట్టండి. పాటలు దొరకనప్పుడు శ్రుతి మోగుతుంది, ఏదో తేడా వచ్చిందని విన్నవాళ్ళకి తెలుస్తుంది. ఆ ఫైల్ మాత్రం పాటలున్న డిస్క్ మీద కాకుండా సిస్టమ్ డిస్క్ మీద ఉండాలి.

క్యాసెట్ నుంచి ఎక్కించినవి సన్నగా, సీడీ నుంచి తీసినవి గట్టిగా వినిపిస్తాయి. ఆర్‌ఎస్‌గెయిన్ అనే చిన్న ప్రోగ్రామ్‌తో అన్ని ఫైళ్ళకీ రీప్లేగెయిన్ ట్యాగ్‌లు (ఏ పాటని ఎంత గట్టిగా వాయించాలో చెప్పే గుర్తులు) వేయించి, లిక్విడ్‌సోప్‌లో వాటిని పాటించమని చెప్పండి. అసలు ఫైళ్ళలో ధ్వని మారదు.

లెక్క చూద్దాం. 128 కేబీపీఎస్ ఎంపీ3 అయితే ఒక్కరు గంటసేపు వింటే దాదాపు 58 ఎంబీ. ఐదుగురు ఒకేసారి విన్నా మీ అప్‌లోడ్‌లో 640 కేబీపీఎస్ మాత్రమే పోతుంది, ఈ రోజుల్లో ఏ ఫైబర్ కనెక్షన్‌కైనా అది లెక్కలోది కాదు. పాత డెస్క్‌టాప్ 60 వాట్లు లాగుతుందనుకుంటే నెలకి 43 యూనిట్లు. అదే 10 వాట్ల మినీ పీసీ అయితే 7 యూనిట్ల చిల్లర. ఏడాది పాటు నడపాలనే ఉద్దేశం ఉంటే ఈ తేడా గురించి ఆలోచించండి.

ఇంట్లో వైఫై మీద పాట వచ్చేశాక అసలు అడ్డంకి ఎదురవుతుంది: బయటివాళ్ళకి అందకపోవడం. మీ రౌటర్ పేజీలో వ్యాన్ అడ్రస్ (నెట్ కంపెనీ మీ రౌటర్‌కి ఇచ్చిన అడ్రస్) చూడండి. అది 100.64 నుంచి 100.127 లోపు మొదలైతే, లేదా బ్రౌజర్‌లో 'నా ఐపీ' అని వెతికితే వచ్చే దానితో కలవకపోతే, మీరు సీజీ-న్యాట్ వెనక ఉన్నట్టు. అంటే ఒకే పబ్లిక్ అడ్రస్‌ని ఎన్నో ఇళ్ళు పంచుకుంటున్నాయి. అలాంటప్పుడు రౌటర్‌లో ఎన్నిసార్లు పోర్ట్ ఫార్వర్డింగ్ (బయటి నుంచి వచ్చేవాళ్ళని ఇంటి కంప్యూటర్ దగ్గరికి పంపే సెట్టింగ్) చేసినా లాభం లేదు. మా కనెక్షన్ కూడా అంతే.

దీనికి నాకు నచ్చిన దారులు రెండు. అక్కగారిలా ఫోన్ బాగా వాడేవాళ్ళకి టెయిల్‌స్కేల్ సరిపోతుంది. ఇంటి కంప్యూటర్‌లోనూ ఫోన్‌లోనూ వేస్తే రెండూ ఒకే ఇంట్లో ఉన్నట్టు మాట్లాడుకుంటాయి, సీజీ-న్యాట్ అడ్డు రాదు. సొంత వాడకానికి ఉచితం. అది ఇచ్చే అడ్రస్‌లు కూడా 100తోనే మొదలవుతాయి, రౌటర్‌లో చూసిన దానితో కలిపేసుకోకండి. అమ్మమ్మగారి ఫోన్‌లో మాత్రం ఆ యాప్ ఎప్పుడో ఆఫ్ అయిపోతుంది, పాట ఎందుకు రావడం లేదో ఆవిడకి తెలియదు.

ఆవిడ కోసం రెండో దారి: చిన్న వీపీఎస్ (నెట్‌లో ఎప్పుడూ నడుస్తూ ఉండే సర్వర్) అద్దెకు తీసుకుని ఐస్‌కాస్ట్‌ని అక్కడ పెట్టండి, లిక్విడ్‌సోప్ మాత్రం ఇంట్లోనే ఉంచి పాటను అక్కడికి పంపించండి. కనెక్షన్ ఇంటి నుంచి బయటికి వెళ్తుంది కాబట్టి సీజీ-న్యాట్‌తో గొడవే లేదు. ఎంతమంది విన్నా ఇంటి నుంచి పోయేది ఒక్క స్ట్రీమే. ఇంకో మంచి సంగతి, ఐస్‌కాస్ట్‌లో ఫాల్‌బ్యాక్ మౌంట్‌గా (అసలు స్ట్రీమ్ ఆగితే బదులుగా వచ్చేది) తంబూరా ఫైల్‌ని ఇక్కడ కూడా పెట్టుకోవచ్చు. ఇంట్లో కరెంటు పోయినా వినేవాళ్ళ కనెక్షన్ తెగదు, శ్రుతి వస్తూ ఉంటుంది. ఇల్లు తిరిగి లైన్‌లోకి రాగానే పాట దానంతటదే అందుకుంటుంది. దీనికి ఫాల్‌బ్యాక్ ఓవర్‌రైడ్ ఆన్‌లో ఉండాలి, ఫైల్ కూడా స్ట్రీమ్‌లాగే 128 కేబీపీఎస్ ఎంపీ3లో ఉండాలి.

ఆ వీపీఎస్ లింక్‌కి వినేవాళ్ళ పాస్‌వర్డ్ తప్పకుండా పెట్టండి. ఇంటివాళ్ళ మధ్య వినడం వేరు, ఊరందరికీ వినిపించడం వేరు. బయటి జనానికి ప్రసారం చేయాలంటే రికార్డింగ్‌కీ, సాహిత్య సంగీతాలకీ విడివిడిగా లైసెన్సులు కావాలి. మన కాపీరైట్ చట్టంలో రికార్డింగ్‌కి, విడుదలైన మరుసటి ఏడాది నుంచి 60 ఏళ్ళ రక్షణ ఉంది. త్యాగరాజస్వామి 1847లో సిద్ధి పొందారు, కృతుల మీద ఎవరికీ హక్కు లేదు. కానీ ఆ కృతినే 1980లో ఎవరైనా పాడి విడుదల చేసి ఉంటే ఆ రికార్డింగ్ 2040 చివరిదాకా వాళ్ళదే. నాన్నగారి కలెక్షన్ మీద మీకున్న ప్రేమకి లింక్ అందరికీ ఇవ్వాలనిపిస్తుంది, ఇవ్వకండి.

ఇప్పుడు కరెంటు. బయోస్‌లో (కంప్యూటర్ ఆన్ కాగానే తెరవగలిగే సెట్టింగ్స్) 'రిస్టోర్ ఆన్ ఏసీ పవర్ లాస్' లాంటి పేరుతో ఒక సెట్టింగ్ ఉంటుంది. దాన్ని పవర్ ఆన్ అని మార్చండి, కరెంటు రాగానే కంప్యూటర్ తనే లేస్తుంది. సిస్టమ్‌డీలో (డెబియన్‌లో ప్రోగ్రాములను మొదలుపెట్టి చూసుకునేది) లిక్విడ్‌సోప్‌ని సర్వీస్‌గా పెట్టి, రీస్టార్ట్ 'ఆల్వేస్' అని రాయండి. రూట్ యూజర్‌గా (అన్ని అధికారాలూ ఉన్న ఖాతాతో) లిక్విడ్‌సోప్ నడవదు, దానికి వేరే యూజర్ కావాలి. అన్నీ అయ్యాక మెయిన్ స్విచ్ ఆపి, కాసేపు ఆగి వేయండి. ఏమీ ముట్టుకోకుండా ఫోన్‌లో పాట వస్తేనే పని పూర్తయినట్టు. రౌటర్‌కీ ఫైబర్ పెట్టెకీ 12 వోల్టుల మినీ యూపీఎస్ కొనండి, చిన్నచిన్న కోతలకి నెట్ పోదు.

2014 అక్టోబర్ 12న హుద్‌హుద్ తుఫాను వచ్చినప్పుడు మన విశాఖ రోజుల తరబడి చీకట్లో ఉంది. అలాంటి రోజున యూపీఎస్ ఏమీ చేయలేదు. కానీ పాటల కాపీ ఇంకో ఊళ్ళో ఉంటే కలెక్షన్ మిగులుతుంది. క్యాసెట్ టేపు ఏటేటా పాడైపోతుంటుంది, మళ్ళీ ఎక్కించుకుందాం అనుకోవడానికి లేదు. ఒక హార్డ్‌డిస్క్ నింపి అక్కగారింటికి పంపేయండి. పైగా మనది సముద్రపు గాలి. కంప్యూటర్‌ని కిటికీ పక్కన పెట్టకండి, ఉప్పు తేమకి కనెక్టర్లు తుప్పు పడతాయి.

అమ్మమ్మగారి ఫోన్‌లో వీఎల్‌సీ వేసి, మీ లింక్‌ని అందులో సేవ్ చేసి, వీఎల్‌సీ గుర్తుని హోమ్ స్క్రీన్ మీద పెట్టండి. ముందు మీ రౌటర్‌లో ఆ వ్యాన్ అడ్రస్ ఏముందో చూసి, మొదటి రెండు అంకెల గుంపులు మాత్రం ఇక్కడ రాయండి. కంప్యూటర్ మెమరీ ఎంతో కూడా చెబితే, మీకు ఏ దారి సరిపోతుందో చూసి స్క్రిప్ట్ రాయడంలో సాయం చేస్తాను.