పొద్దున్న వణికే బండిని మధ్యాహ్నం చూపిస్తే ఏం లాభం?

పాత పెట్రోల్ కారు, పొద్దున్న స్టార్ట్ చేయగానే ఐడ్లింగ్‌లో ఊగిపోతోంది, ఐదు నిమిషాలకి మామూలైపోతోంది, ప్లగ్గులు మార్చాలా అని కదా అడిగారు. అప్పుడే ఏదీ మార్చకండి. నేను అన్నీ మార్చి చూసినవాణ్ణి. ప్లగ్గులు, కాయిల్, థ్రాటిల్ బాడీ క్లీనింగ్, ఇంజెక్టర్ల క్లీనింగ్, ఇన్ని అయ్యాక కూడా మర్నాడు పొద్దున్న తాళాల గుత్తి గలగలలాడుతూనే ఉంది.

నేను చేసిన తప్పల్లా బండి నడుపుకుంటూ షెడ్డుకి వెళ్లడం. చేరేసరికి ఇంజిన్ వేడెక్కి బుద్ధిగా కూర్చునేది. మెకానిక్ రెండుసార్లు రేజ్ చేసి విని "బానే ఉంది కదండీ" అనేవాడు. బండి కంప్యూటర్‌ని చదివే స్కానర్‌లో లోపం కోడ్ రాకపోతే రోగమే లేదనుకునే రోజులొచ్చాయి, ఏం చేస్తాం.

చివరికి వేరే షెడ్డులో రాత్రంతా వదిలేసి పొద్దున్నే వెళ్లాను. అక్కడి పెద్దాయన స్టార్ట్ చేయనివ్వలేదు. స్కానర్ తగిలించి, తాళం ఆన్ చేసి, కూలెంట్ ఎంత వేడి, లోపలికి పీల్చే గాలి ఎంత వేడి అని ముందు చూశాడు. రాత్రంతా చల్లారిన బండిలో రెండూ దాదాపు ఒకటే చూపించాలట. చల్లటి ఇంజిన్‌ని సెన్సర్ 70 డిగ్రీలని చెప్తే కంప్యూటర్ అదే నమ్మి పెట్రోల్ తగ్గించేస్తుంది, ఇక వణక్క ఏం చేస్తుంది? నా బండిలో రెండూ కలిశాయి. అప్పుడు స్టార్ట్ చేయించి, బెల్టుకి దూరంగా చెయ్యి పెట్టి రబ్బరు గొట్టాలు ఒక్కొక్కటే నొక్కుతూ వెళ్లాడు. ఇంజిన్‌లోకి గాలిని పంచే ఇన్‌టేక్ మానిఫోల్డ్ కింద, ఇంజిన్ లోపలి ఆవిరిని మళ్లీ ఆ గాలిలోకే పంపే పీసీవీ గొట్టం మలుపు నొక్కగానే వణుకు టక్కున ఆగింది. వదిలితే మళ్లీ మొదలు. చీలిక అడుగువైపు ఉంది, పైనుంచి చూస్తే గొట్టం కొత్తదానిలా నిగనిగలాడుతోంది!

వేడెక్కాక ఎందుకు బాగుంటుందంటే, పొగగొట్టంలో మిగిలిన ఆక్సిజన్ ఎంతో చూసే ఆక్సిజన్ సెన్సర్ సుమారు 300 డిగ్రీలకి చేరితే గానీ పని మొదలెట్టదు. అది మేలుకున్నాక, చీలికలోంచి దూరే దొంగగాలికి సరిపడా పెట్రోల్‌ని కంప్యూటర్ కలిపేస్తుంది. అంతవరకూ నడిచేదంతా అంచనా లెక్కే.

కొందరు లీకు కోసం నడుస్తున్న ఇంజిన్ మీద కార్బ్ క్లీనర్ (కార్బురేటర్ శుభ్రం చేసే స్ప్రే) కొడతారు. అది భగ్గున అంటుకునే సరుకు, నేనైతే ఆ జోలికి పోను. "పాత బండే కదా, అమ్మేయరాదూ" అనే బంధువుల జోలికీ పోను.

మీది కూడా గొట్టమో సెన్సరో అయ్యుండొచ్చు. రేపు పొద్దున్న స్కానర్ పెట్టేదాకా బండి ముట్టుకోకండి. కాస్త పక్కకి జరుపుతామని ఎవరైనా తాళం అడిగినా ఇవ్వకండి, మళ్లీ రాత్రంతా ఆగాల్సొస్తుంది.