పెరటి కోళ్లపై పక్కింటివారి ఫిర్యాదు: చట్టం చూసేది కోళ్ల సంఖ్యను కాదు

ప్రశ్న: మాది పశ్చిమ గోదావరి జిల్లా. ఊళ్లో రెండెకరాల పొలం ఉంది. పిల్లల చదువుల కోసం పట్టణంలో ఇల్లు కట్టుకున్నాం. ఇంటి వెనుక పన్నెండు అడుగుల పొడవు, పది అడుగుల వెడల్పున్న పెరట్లో పద్నాలుగు గ్రామప్రియ పెట్టలను, నాలుగు అసిల్ పుంజులను పెంచుతున్నాను. వాసన, తెల్లవారుజామున కూతలు భరించలేకపోతున్నామని పక్కింటివారు పురపాలక కార్యాలయంలో ఫిర్యాదు చేశారు. అక్కడి నుంచి వచ్చిన ఉద్యోగి కోళ్ల ఫారం ఇళ్లకు 500 మీటర్ల దూరంలో ఉండాలని, వారంలో కోళ్లను తీసేయాలని నోటిమాటగా చెప్పి వెళ్లారు. రోజూ రెండు పూటలా నీళ్లు కొట్టి కడుగుతున్నా వాసన పోవడం లేదు. మేతగా నూకలతో పాటు చేపల మార్కెట్టు నుంచి తెచ్చిన వ్యర్థాలు వేస్తున్నాం. ఇంట్లో కోళ్లు పెంచుకోవడం నేరమా? ఎన్ని కోళ్ల వరకు ఉంచుకోవచ్చు?

జవాబు: నేరం కాదు. ఇంటి పెరట్లో పదో పాతికో కోళ్లు పెంచుకోకూడదని చెప్పే కేంద్ర చట్టం ఏదీ లేదు. పైగా పెరటి కోళ్ల పెంపకాన్ని ప్రభుత్వమే ప్రోత్సహిస్తోంది. మీ దగ్గరున్న గ్రామప్రియ కూడా హైదరాబాద్ రాజేంద్రనగర్‌లోని కోళ్ల పరిశోధన సంచాలనాలయం పెరటి పెంపకం కోసమే రూపొందించిన రకం. అయితే మీ ఉత్తరం చదివాక ఒక మాట సూటిగా చెప్పాలనిపించింది. మీ పొరుగువారి ఫిర్యాదు అన్యాయమైనది కాదు. దాన్ని మీ మీద కక్షగా భావించకండి. వారు చెప్పిన రెండు బాధలూ నిజమైనవే, రెండింటికీ మందు మీ చేతుల్లోనే ఉంది.

ముందు ఆ 500 మీటర్ల సంగతి చూద్దాం. ఆ దూరం కేంద్ర కాలుష్య నియంత్రణ మండలి కోళ్ల ఫారాల కోసం ఇచ్చిన మార్గదర్శకాల్లోనిది. ఆ మార్గదర్శకాలు 5,000 కోళ్లు, అంతకు మించి ఉన్న ఫారాలకు ఉద్దేశించినవి. వాసన, ఈగల బెడద జనావాసాలకు తాకకూడదనే ఆ దూరం పెట్టారు. పద్దెనిమిది కోళ్లున్న పెరడు ఆ లెక్కలోకి రాదు. మీ ఇంటికి వచ్చిన ఉద్యోగితో ఈ మాట మర్యాదగా చెప్పవచ్చు. కానీ అంతటితో మీరు గెలిచినట్లు అనుకోవద్దు. ఆయన చెప్పిన నిబంధన మీకు వర్తించకపోయినా, వర్తించేవి వేరే ఉన్నాయి.

పట్టణంలో మీకు వర్తించేది ప్రధానంగా పురపాలక చట్టం. ఆంధ్రప్రదేశ్‌లో 1965 నాటి పురపాలక సంఘాల చట్టం, తెలంగాణలో 2019 నాటి పురపాలక చట్టం, పెద్ద నగరాల్లో నగరపాలక సంస్థల చట్టాలు అమలులో ఉన్నాయి. ప్రజారోగ్యానికి హాని చేసేదాన్ని, ఇరుగుపొరుగును ఇబ్బంది పెట్టేదాన్ని తొలగించమని నోటీసు ఇచ్చే అధికారం వీటి కింద కమిషనర్‌కు ఉంటుంది. ఇది కాక, 2024 జూలై 1 నుంచి అమలవుతున్న భారతీయ న్యాయ సంహిత 270వ సెక్షన్ ప్రజలకు ఇబ్బంది కలిగించడమంటే ఏమిటో నిర్వచిస్తుంది. వేరే శిక్ష చెప్పని సందర్భాల్లో 292వ సెక్షన్ కింద వెయ్యి రూపాయల వరకు జరిమానా వేయవచ్చు. భారతీయ నాగరిక్ సురక్షా సంహిత 152వ సెక్షన్ కింద ఎగ్జిక్యూటివ్ మేజిస్ట్రేట్ ఇబ్బందిని తొలగించమని షరతులతో ఆదేశం ఇవ్వగలరు. ‘ఎన్ని కోళ్ల వరకు’ అని మీరు అడిగారు. ఈ సెక్షన్లు మీ కోళ్లను లెక్కపెట్టవు, వాటి వల్ల పక్కవారికి ఏం జరుగుతోందో చూస్తాయి. పాతిక పెట్టలున్నా గోడ అవతలికి వాసన రాని ఇల్లు నిశ్చింతగా ఉంటుంది. ఒక్క పుంజు నిద్ర చెడగొట్టినా ఫిర్యాదుకు బలం వస్తుంది. స్థానికంగా ప్రత్యేక నిబంధన ఏదైనా ఉందేమో మీ పురపాలక కార్యాలయంలోనే రాతపూర్వకంగా అడగండి. నోటిమాట హెచ్చరికకు జవాబుగానూ అదే పనికొస్తుంది.

ఇక వాసన. ఇది మీరు చేజేతులా పెంచుకున్న కష్టం. రోజూ రెండు పూటలా కడుగుతున్నానని రాశారు, వాసనకు మూలం ఆ నీళ్లే. పెద్ద కోడి రోజుకు సుమారు 100 గ్రాముల రెట్ట వేస్తుంది. అంటే మీ పద్దెనిమిది కోళ్లు రోజుకు రెండు కిలోలకు దగ్గరగా వేస్తాయి. ఎండిన రెట్టకు పెద్దగా వాసన ఉండదు. తడి తగిలితే సూక్ష్మజీవులు దానిలోని యూరిక్ ఆమ్లాన్ని విరగ్గొట్టి అమోనియాను వదులుతాయి. గోడ దాటి పక్కింటికి చేరుతున్న ఘాటు అదే. చేపల వ్యర్థాలు దీనికి మరింత తోడవుతాయి.

కాబట్టి కడగడం ఈరోజే ఆపండి. నేలను ఒకసారి పూర్తిగా ఎండనిచ్చి, గూట్లో మూడు అంగుళాల మందాన పొడి ఊక పరచండి. రోజూ ఉదయం దంతెతో ఒకసారి కలియబెడితే చాలు. నీళ్ల తొట్టి చుట్టూ తడిసిన ఊకను మాత్రం ఎప్పటికప్పుడు ఎత్తి పారేసి కొత్తది వేయాలి. తడి ఊక మీద సున్నం చల్లితే వాసన పోతుందని చాలామంది నమ్ముతారు. నిజానికి సున్నం పడితే అమోనియా ఇంకా జోరుగా బయటికి వస్తుంది. తడి ఊక తీసేశాక పొడి నేల మీద చల్లడం సరైన పద్ధతి. తీసిన రెట్టను పెరటి మూలలో కుప్పగా పోయకుండా మూత ఉన్న తొట్టిలో ఎండుటాకులతో పొరలుగా వేయండి. దాని మీద కొద్దిగా సూపర్ ఫాస్ఫేట్ ఎరువు చల్లితే నత్రజని ఎరువులోనే నిలుస్తుంది. రెండెకరాల పొలం ఉన్న మీకు ఇది బంగారం లాంటి ఎరువు, పారేసే చెత్తగా చూడకండి. పచ్చి రెట్ట మాత్రం మొక్క మొదట్లో వేయవద్దు, వేళ్లు మాడిపోతాయి. బాగా మగ్గాకే వాడాలి.

మన ఎండల్లో ఈగ గుడ్డు దశ నుంచి రెక్కలు వచ్చే దశకు ఏడు నుంచి పది రోజుల్లో చేరుకుంటుంది. గూటి అడుగున పేరుకున్న రెట్టను మూడు నాలుగు రోజులకోసారి తీసేస్తే వాటి తరం అక్కడితో తెగిపోతుంది, మందులు కొట్టే అవసరం రాదు.

మేత విషయంలో చేపల వ్యర్థాలను పూర్తిగా మానేయండి. కోడి మాంసం దుకాణాల నుంచి వచ్చే వ్యర్థాలను అసలే దగ్గరికి రానీయకండి, వాటితో వ్యాధులు నేరుగా మీ గూట్లోకి వస్తాయి. నూకలు, తవుడు, జొన్నలు, కొద్దిగా వేరుశనగ పిండి, గుడ్డు పెంకు గట్టిపడటానికి నత్తగుల్ల పొడి సరిపోతాయి. చిన్న తొట్టిలో నీటి మీద తేలుతూ పెరిగే అజొల్లా మొక్కను పెంచుకుంటే మాంసకృత్తులకు లోటుండదు. మిగిలిన మేత రాత్రి గూట్లో ఉండకూడదు. మేత ఉంటే ఎలుకలు వస్తాయి, ఎలుకల వెనుక పాములు వస్తాయి. పక్కింటి పిల్లల గురించి ఆ తల్లిదండ్రులకు ఉండే భయం కూడా మీరు ఆలోచించాలి.

ఇప్పుడు పుంజుల గురించి. గుడ్ల కోసం పుంజు అవసరమని మీరు అనుకుంటున్నట్లయితే ఆ అపోహ వదిలేయండి. పుంజు తోడు లేకపోయినా పెట్ట గుడ్డు పెడుతుంది. ఆ గుడ్డు నుంచి పిల్ల రాదు, తినడానికి మాత్రం ఏ తేడా ఉండదు. గ్రామప్రియ పెట్టలు మామూలుగా పొదుగుకు కూర్చోవు కనుక కోడిపిల్లలను మీరు ఎలాగూ వాటిని అమ్మే కేంద్రం నుంచే తెచ్చుకోవాలి. పెరట్లో ఏడాదికి 160 నుంచి 180 గుడ్లు పెట్టే ఈ పెట్టలకు మీ నాలుగు పుంజులు చేసే మేలు ఏమీ లేదు.

పుంజు వెలుగు చూసి కూస్తుందని మనం అనుకుంటాం. దాని ఒంట్లోనే ఒక గడియారం ఉంటుంది. తెల్లవారడానికి దాదాపు రెండు గంటల ముందే కూత మొదలవుతుంది, గోనె కప్పి చీకటి చేసినా పూర్తిగా ఆగదు. నాలుగు పుంజులు ఒకచోట ఉంటే ఒకటి కూయగానే మిగిలినవి అందుకుంటాయి. 2000 సంవత్సరపు శబ్ద కాలుష్య నియమాలు నివాస ప్రాంతాల్లో రాత్రి పది నుంచి ఉదయం ఆరు వరకు 45 డెసిబెల్స్‌ను పరిమితిగా చెబుతున్నాయి. పుంజు కూత దగ్గర నుంచి వింటే దానికి ఎన్నో రెట్లు. మెడ చాచలేనంత కురచ పెట్టెలో రాత్రంతా మూసి ఉంచితే కూయదని కొందరు సలహా ఇస్తారు. దయచేసి ఆ పని చేయకండి. కదలడానికి చోటులేని పంజరంలో బంధించడం 1960 నాటి జంతు హింస నివారణ చట్టం 11వ సెక్షన్ ప్రకారం నేరం. చట్టం సంగతి అటుంచినా, మూగజీవిని అలా హింసించడం తప్పు.

అవి అసిల్ పుంజులు కనుక ఇంకో మాట. అసిల్ జాతిని పెంచడంలో తప్పు లేదు, అది మన నేల జాతి, కాపాడుకోవలసినది. బరిలో దింపడం, కత్తి కట్టడం, పందెం కాయడం మాత్రం ఆ 1960 చట్టం కిందా, 1974 నాటి ఆంధ్రప్రదేశ్ గేమింగ్ చట్టం కిందా నేరాలే. సంక్రాంతి దగ్గర పడ్డాక ఇళ్ల మధ్య నాలుగు అసిల్ పుంజులు కనబడితే అనుమానం రావడం సహజం. మీకు ఊళ్లో పొలం ఉంది. పుంజుల చోటు అక్కడే, పంపించేయండి.

పెట్టల సంఖ్యను పదికి తగ్గించమని నా సలహా. ఇది చట్టం చెప్పిన లెక్క కాదు, మీ పెరటి కొలత చూసి నేను చెబుతున్న లెక్క. పది పెట్టలకు రాత్రి గూడు ఐదడుగుల పొడవు, నాలుగడుగుల వెడల్పు ఉంటే ఒక్కోదానికి రెండు చదరపు అడుగులు వస్తుంది. దాన్ని నేల నుంచి రెండడుగుల ఎత్తున, పక్కింటి గోడకు ఆనించకుండా మీ ఇంటి వైపు పెట్టండి. పిల్లులు, ముంగిసలు దూరకుండా సన్న కన్నుల ఇనుప వల బిగించాలి. కోళ్లు ఎగిరి అవతలి పూలమొక్కలు గీకకుండా పెరటి పైన కూడా వల ఉండాలి.

మీ జిల్లాలో ఉండి వ్యాధుల సంగతి తేలికగా తీసుకోకూడదు. 2025 ఫిబ్రవరిలో తణుకు మండలం వేల్పూరులో, పక్క జిల్లా పెరవలి మండలం కానూరు అగ్రహారంలో బర్డ్ ఫ్లూ బయటపడటం మీకు గుర్తుండే ఉంటుంది. అలాంటప్పుడు వ్యాధి సోకిన చోటు నుంచి కిలోమీటరు వరకు ప్రభావిత ప్రాంతంగా, పది కిలోమీటర్ల వరకు నిఘా ప్రాంతంగా ప్రకటిస్తారు. ఆ కిలోమీటరు లోపల పెరటి కోళ్లను కూడా తొలగించవలసి రావచ్చు. అధికారులు తొలగించిన కోళ్లకు పరిహారం ఉంటుంది, అప్పటికే చచ్చిపోయిన వాటికి రాదు. కోళ్లు ఒక్కసారిగా చనిపోతుంటే దాచిపెట్టడం వల్ల నష్టపోయేది మీరే. 2009 నాటి పశువుల అంటువ్యాధుల చట్టం ప్రకారం బర్డ్ ఫ్లూ, కొక్కెర (రాణిఖేత్) వ్యాధి వంటివి అనుమానం వచ్చినప్పుడు తెలియజేయడం యజమాని బాధ్యత. దగ్గరి పశువైద్యశాలకు చెప్పండి, లేదా పశువైద్య సేవల నంబరు 1962కు ఫోను చేయండి. చచ్చిన కోడిని కాలువలో పడేయకండి, చేతులతో ముట్టుకోకండి.

కొక్కెరకు టీకా చవకైనది, నమ్మకమైనది. కోడిపిల్లలకు ఏడో రోజున లసోటా అనే టీకా చుక్క కంట్లో వేసి, నాలుగు వారాలకు మళ్లీ ఇవ్వాలి. ఎనిమిది పది వారాల వయసులో ఆర్2బి అనే టీకా సూది వేయించాలి. ఇప్పటికే గుడ్లు పెడుతున్న మీ పెట్టలకు ఆర్2బి వేస్తే కొన్నాళ్లు గుడ్లు తగ్గవచ్చు, అందుకే నీళ్లలో లసోటా ఇవ్వడం గురించి డాక్టరు గారిని అడగండి. టీకాలు వేయించిన తేదీలను పుస్తకంలో రాసి, పశువైద్యశాలలో సంతకం చేయించుకోండి. రేపు కమిషనర్ కార్యాలయం నుంచి రాతపూర్వక నోటీసు వస్తే, మార్చిన గూటి ఫొటోలతో పాటు ఆ పుస్తకం నకలు జతచేసి గడువులోగా జవాబు ఇవ్వండి. నోటీసు తీసుకోకుండా తప్పించుకోవద్దు.

ఆ జవాబు కన్నా ముందు పక్కింటికి వెళ్లండి. ‘నీళ్లు కొట్టడం ఆపాను, పుంజులను ఊరికి పంపుతున్నాను, పది రోజుల తర్వాత కూడా వాసన వస్తే నాకే చెప్పండి’ అని అడగండి. ఊక పరిచిన వారంలోనే తేడా వారికి తెలుస్తుంది. పుంజులను ఊరికి చేర్చే ముందు మాత్రం వాటికి ఆర్2బి టీకా వేయించి రెండు వారాలు ఆగాలి. ఆ రెండు వారాల గడువు ఎందుకో కూడా పొరుగువారికి ముందే చెప్పండి. పొలం దగ్గర వేరే కోళ్లుంటే మొదటి పది పదిహేను రోజులు వాటితో కలవకుండా విడిగా ఉంచండి.