సంక్రాంతి తర్వాత సెమిలిగుడ చలిలో ఒంటరిగా అనిపిస్తే ఏం చేయాలి?

మీరు అడిగింది ఇదీ: విజయనగరం నుంచి బదిలీ మీద ఒడిశాలోని కొరాపుట్ జిల్లా సెమిలిగుడ వచ్చారు. సంక్రాంతికి ఊరెళ్ళి తిరిగొచ్చాక ఇల్లు బావురుమంటోంది. పొద్దున తొమ్మిదింటి దాకా మంచు తెర తొలగదు, మాట్లాడే మనిషి కనిపించడు. ఇక్కడ స్థిరపడిన తెలుగువాళ్ళు ఈ చలి రోజులు ఎలా గడుపుతారు, స్నేహాలు ఎలా కలుస్తాయి, వారం వారం ఊరెళ్ళిపోవడమే మేలా అని.

నేను సాలూరు పిల్లని. పెళ్ళై కొండెక్కి చాలా ఏళ్ళయింది, బజార్లో చిన్న టిఫిన్ల కొట్టు నడుపుతాను. కొట్టు దగ్గర కూర్చుంటే ఊళ్ళో ఎవరు ఎలా ఉన్నారో చెప్పకుండానే తెలుస్తుంది. ఆ అనుభవంతో చెప్తున్నాను.

అందరితో కలిసిపోండి, ఎవరికైనా సాయం చేయండి అని మీకు చాలామంది చెప్పి ఉంటారు. నేను దానికి తిరగేసి చెప్తాను. ముందు మీరే ఏదైనా అడగండి. చిన్నదే. పాలకి తోడు అడగండి, నిచ్చెన అడగండి, గ్యాస్ బండ ఏ రోజు వస్తుందో అడగండి. కొత్తగా వచ్చినవాళ్ళు "ఏమైనా సాయం కావాలా" అంటే ఎవరికైనా మొహమాటమే, "అబ్బే, ఏం లేదండీ" అనేస్తారు. అదే మీరు అడిగితే కాదనరు. రేపు వాళ్ళకి ఏదైనా అవసరం పడితే మీ గుమ్మం ఎక్కడానికి వాళ్ళకీ ఒక దారి పడుతుంది.

ఈ రోజుల్లో తలుపులు మూసి ఉన్నాయంటే మీరు కొత్తవాళ్ళు కాబట్టి అనుకోకండి. పండగైపోయాక అందరి పరిస్థితీ అంతే. కొత్త బట్టలు, అల్లుళ్ళ మర్యాదలు, బస్సు చార్జీలు అన్నీ కలిసి చేతిలో డబ్బు ఉండదు. అరిసెల డబ్బా అడుగంటుతుంది. నాలుగు రోజులు పిల్లలతో కళకళలాడిన ఇంట్లో మళ్ళీ ఇద్దరే మిగులుతారు. దానికి తోడు ఈ చలి. సెమిలిగుడ సముద్రమట్టానికి దాదాపు 900 మీటర్ల ఎత్తున ఉంది. కిలోమీటరు ఎత్తు పెరిగితే ఆరు డిగ్రీల పైచిలుకు తగ్గుతుంది కాబట్టి, విజయనగరంలో చొక్కాతో తిరిగే రోజున ఇక్కడ స్వెట్టర్ తప్పదు. జనవరి రాత్రుళ్ళు పది డిగ్రీల కిందికి దిగడం మామూలే. కొబ్బరినూనె సీసాలో గడ్డకట్టి పుల్లతో తవ్వుకోవాల్సి వస్తుంది. సాయంత్రం ఆరయ్యేసరికి బజారు పల్చబడిపోతుంది, ఏడింటికి ఎవరింట్లో వాళ్ళు దుప్పట్లో.

తోడు అడగండి అన్నానే, దానికి ఒక కారణం ఉంది. ఇక్కడ చలికాలంలో పెరుగు తోడుకోవడం పెద్ద పరీక్ష. మొదటి వారం మీ గిన్నెలో పాలు పాలలాగే ఉండి ఉంటాయి. పాలు మామూలుకన్నా కాస్త వేడిగా ఉన్నప్పుడే తోడు వేయాలి, అదీ రెట్టింపు. గిన్నెకి పాత తువ్వాలు చుట్టి బియ్యం డబ్బాలో పెట్టేయాలి, పొద్దున్న దాకా కదపకూడదు. ఇది తెలిసినా వారానికి ఒకసారైనా ఎవరింట్లోనో పాడవుతుంది, అప్పుడు గ్లాసు పట్టుకుని పక్కింటికి పోవాల్సిందే. మా వీధిలో అయితే ఒడియా మావుసీ (అంటే పిన్ని) ఇంటి పెరుగే అందరికీ దిక్కు. ఆవిడ గ్లాసు ఖాళీగా ఇవ్వదు, మనమూ ఖాళీగా తీసుకెళ్ళం.

ఇడ్లీ పిండి సంగతి ఇంకా కష్టం, అది నా పొట్టకూటి విషయం కూడా. కింద ఎనిమిది గంటల్లో పొంగే పిండి ఇక్కడ పదహారు గంటలైనా నిద్ర లేవదు. గుప్పెడు మెంతులు ఎక్కువ వేస్తాను, గోరువెచ్చని నీళ్ళతో రుబ్బుతాను, ఉప్పు ముందే వేసి చేత్తో బాగా కలిపి గిన్నెని రగ్గు చుట్టి పడుకోబెడతాను. పొద్దున్న మూత తీయగానే వాసన చూస్తాను. పుల్లటి వాసన సన్నగా తగిలి, గరిటె ముంచితే లోపల నురుగు చిట్లిన చప్పుడు వినిపిస్తే ఆ రోజు ఇడ్లీ ఉన్నట్టు. లేకపోతే ఉప్మానే. ఎదురింటి వదిన వాళ్ళ వంటిల్లు కట్టెల పొయ్యి వల్ల వెచ్చగా ఉంటుంది. బాగా చలి చేసిన రాత్రి నా పిండి గిన్నె ఆవిడ పొయ్యి పక్కన పడుకుంటుంది. పొద్దున్నే గిన్నె తెచ్చుకోడానికి వెళ్తే అక్కడే టీ, అక్కడే ఊరి కబుర్లు. ఆవిడకి ఆయాసం ఎక్కువైన రోజున ఆ సంగతి నాకు తెల్లారేసరికే తెలిసింది. గిన్నె లేకపోతే ఎప్పటికో తెలిసేది.

ఇక మా మాస్టారు. రిటైర్ అయిన తెలుగాయన, ఒడియా చదవడం రాయడం రెండూ వచ్చు. కొడుకులు బెంగుళూరులో ఉంటారు. పండక్కి వచ్చి, కనుమ వెళ్ళగానే బయల్దేరిపోతారు. ఆ తర్వాత ఆయన టిఫిన్‌కి రావడం మానేశారు ఒకసారి. ఫోన్ చేసి "బాగున్నారా మాస్టారూ" అంటే "బాగున్నానమ్మా" అంటారు. ఎవరైనా అదే అంటారు, ఆ ప్రశ్నకి ఇంకో జవాబు లేదు. అందుకని వేరే పని పెట్టాను. కొట్టు లైసెన్సు కాగితం ఒడియాలో వచ్చింది, నాకు మాట వచ్చు గానీ అక్షరం రాదు. "మాస్టారూ, శనివారం పదింటికి వచ్చి చదివి పెట్టాలి, గడువు దగ్గర పడింది" అన్నాను. సరిగ్గా పదింటికి కళ్ళజోడు తుడుచుకుంటూ వచ్చారు. కాగితం చదివారు, తప్పుల తడకగా ఉందని తిట్టారు, రెండు ఇడ్లీలు తిన్నారు. తర్వాతి శనివారం ఏ కాగితమూ లేకపోయినా వచ్చారు.

ఇప్పుడు ఆ శనివారం మాకందరికీ ఒక అలవాటు. శుక్రవారం కుందులి సంత. చుట్టుపక్కల కొండల నుంచి కూరగాయలు దిగుతాయి. ఈ రోజుల్లో పచ్చి బఠాణీ, క్యాబేజీ, అల్లం చవక. నాలుగిళ్ళవాళ్ళం కలిసి ఆటోలో ఒక మూట బఠాణీ తెప్పించుకుంటాం. శనివారం మంచు విడిచాక మా పెరట్లో ఎండ పడేచోట చాప వేసి ఒలుస్తాం. మావుసీ బొటనవేలితో కాయ నడుం మీద ఒక్క నొక్కు నొక్కితే టప్పున విచ్చుకుంటుంది, గింజలు వరుసగా పళ్ళెంలోకి జారిపోతాయి. మాస్టారు అలా కాదు. కాయని నిలువునా చీల్చి, గింజలు లెక్కపెట్టి, తొమ్మిదున్న కాయ దొరికితే పక్కన దాచిపెడతారు, మా చిన్నాడితో పందెం. మావుసీ ఆయన్ని ఒడియాలో దెప్పుతుంది, ఆయన తెలుగులో సమాధానం చెప్తారు. ఆ గంటలో ఎవరికి జ్వరం, ఎవరికి ఫీజు కట్టాల్సి ఉంది, ఎవరింట్లో మాట పట్టింపులు అన్నీ బయటికొస్తాయి. చేతికి పని ఉంటే నోరు దానంతటదే కదులుతుంది. ఎదురెదురుగా కుర్చీలేసుకుని "చెప్పండి" అంటే ఎవరూ చెప్పరు.

భాష అడ్డం వస్తుందేమో అని మీరు రాశారు. దాని గురించి టెన్షన్ పెట్టుకోకండి. 1936 ఏప్రిల్ 1న ఒడిశా రాష్ట్రం ఏర్పడేదాకా కొరాపుట్ ప్రాంతం విశాఖపట్నం జిల్లాలోనే ఉండేది. జయపురం మహారాజు విక్రమదేవ వర్మ ఆంధ్ర విశ్వవిద్యాలయానికి ఏటా లక్ష రూపాయలు ఇచ్చిన సంగతి మీరు విశాఖలో చదువుకుని ఉంటే వినే ఉంటారు. సునాబెడలో హెచ్‌ఏఎల్, దామన్‌జోడిలో నాల్కో వచ్చాక మనవాళ్ళు ఇంకా పెరిగారు. బజార్లో తెలుగులో బేరం ఆడొచ్చు. అలాగని తెలుగువాళ్ళ గుంపులోనే ఉండిపోకండి. పండగలకి ఊరెళ్ళిపోయేది మనమే. మనం లేని వారం ఇంటి మీద కన్నేసి ఉంచేది ఒడియా పక్కింటివాళ్ళే.

డబ్బు విషయం కూడా చెప్పాలి, ఎందుకంటే ఈ నెల్లో చాలామంది దిగులు వెనక ఉండేది అదే. మా చీటీలో ఒక కట్టుబాటు ఉంది. మిగతా నెలలు పాట ఉంటుంది, పండగ తర్వాతి నెల మాత్రం పాట లేదు, తరుగూ లేదు. ఎవరికి ఎక్కువ అవసరమో వాళ్ళకి ముట్టజెప్తాం. ఎవరికి అవసరమో నలుగురిలో అడగం, చీటీ చూసే వదిన చెవిలో ముందే పడుతుంది. ఇద్దరు అడిగితే ఆవిడే తేలుస్తుంది, ఆవిడ మాటకి తిరుగు లేదు. మీరు ఇప్పుడే చీటీలో చేరమని నేను చెప్పను. మనుషులు తెలియకుండా డబ్బు లావాదేవీ పెట్టుకోవడం నాకు నచ్చదు. ఒక ఏడాది చూడండి.

ఒక్క జాగ్రత్త మాత్రం గట్టిగా చెప్తున్నాను. చలికి తాళలేక రాత్రి గదిలో బొగ్గుల కుంపటి పెట్టుకుని, తలుపులూ కిటికీలూ బిగించి పడుకుంటారు కొందరు. దయచేసి ఆ పని చేయకండి. బొగ్గు సరిగా మండకపోతే కార్బన్ మోనాక్సైడ్ వస్తుంది, దానికి రంగు లేదు, వాసన లేదు. తలనొప్పి, తల తిరగడం, మగత వస్తాయి, నిద్రలోనే ప్రాణం పోతుంది. కుంపటి కావాలంటే వరండాలో పెట్టుకోండి, పడుకునేముందు ఆర్పేయండి, గదిలోకి తేవద్దు. పక్కింట్లో ముసలివాళ్ళు ఒంటరిగా ఉంటే ఈ మాట వాళ్ళతోనూ అనండి. అవసరమైతే మీ దగ్గరున్న రెండో రగ్గు ఇచ్చేయండి. నీళ్ళు కాచుకునే హీటర్ రాడ్ విషయంలో కూడా అంతే, స్విచ్ కట్టేసి ప్లగ్ పీకాకే బకెట్‌లో చెయ్యి పెట్టాలి.

ఎవరికైనా సాయం చేయాల్సి వస్తే ఏ రోజో, ఏ వేళకో చెప్పి చేయండి. "ఏదైనా అవసరమైతే ఫోన్ చేయండి" అన్న మాట మర్యాదకే పనికొస్తుంది. "మంగళవారం నేను కొరాపుట్ వెళ్తున్నాను, మీ బీపీ మాత్రల చీటీ ఇవ్వండి" అంటే ఆ చీటీ మీ చేతికొస్తుంది. మా వీధిలో ఒక చిన్నామె భర్త ఉద్యోగం మల్కనగిరి వైపు, వారానికోసారి వస్తాడు. చంటిదానికి జలుబు చేసిన రోజుల్లో మేం ఆమెని ఏం కావాలని అడగలేదు. పొద్దున ఏడింటికి ఒక కుండ వేడినీళ్ళు గుమ్మంలో పెట్టేవాళ్ళం, అంతే. మూడో రోజుకి ఆమే లోపలికి పిలిచి కూర్చోబెట్టింది.

మీ దిగులు సంగతి కూడా పక్కన పెట్టకండి. పండగ తర్వాత వారం పది రోజులు మనసు బాగోకపోవడం సహజమే. ఎండలో కాసేపు కూర్చోండి, మధ్యాహ్నం పడుకోకండి. రెండు వారాలు దాటాక కూడా నిద్ర పట్టకపోయినా, తిండి సహించకపోయినా, ఏ పనీ చేయబుద్ధి కాకపోయినా 14416కి ఫోన్ చేయండి. అది ప్రభుత్వ టెలీ మానస్ నంబరు, 2022లో మొదలైంది, ఏ వేళైనా పలుకుతుంది, డబ్బు పడదు, తెలుగులో మాట్లాడొచ్చు. మాస్టారికి కూడా ఆ నంబరు రాసిచ్చాను. జేబులో పెట్టుకున్నారు, చేశారో లేదో నేనడగలేదు.

ఇక ఊరెళ్ళడం గురించి. వారం వారం వెళ్తే మీరు ఈ ఊళ్ళో ఎప్పటికీ లాడ్జిలో దిగినట్టే ఉంటారు, ఎందుకంటే ఇక్కడ మనుషులు తీరిగ్గా దొరికేది శని ఆదివారాలే. వారం విడిచి వారం పెట్టుకోండి. బస్సుకైతే పొట్టంగి, సుంకి మీదుగా సాలూరు దిగి వెళ్ళిపోవచ్చు. ఘాట్ రోడ్డు మీద రాత్రి మంచుకి ముందు బండి కనపడదు, చీకటి పడకముందే పైకి చేరేలా చూసుకోండి. రైలుకైతే ఒక తిరకాసు ఉంది. విశాఖ–కిరండూల్ లైన్లో శిమిలిగుడ అనే స్టేషన్ వస్తుంది, అది ఈ ఊరు అనుకుని దిగిపోయేరు. అది అరకు దగ్గర, ఆంధ్రలో ఉంది. మనం కొరాపుట్‌లో దిగి వెనక్కి రావాలి.

వెళ్ళే ముందు రోజు సాయంత్రం పక్కింటి తలుపు తట్టి, విజయనగరం నుంచి ఏమైనా తేవాలా అని అడగండి, మీ మొక్కలకి నీళ్ళు పోయమని కూడా అడగండి. మా మాస్టారిని అడిగితే మాత్రం ఒకటే జవాబు, భీమాళి మామిడి తాండ్ర. షుగర్ ఉంది కదా అంటే పిల్లలకి అంటారు. ఆయనింట్లో పిల్లలు లేరు, మేం తెచ్చిస్తూనే ఉన్నాం.