తానే, స్వయంగా, స్వయానా

సందేహం: ‘ద మినిస్టర్ హిమ్‌సెల్ఫ్ కేమ్’ అనే ఆంగ్లవాక్యాన్ని మా అబ్బాయి ‘మంత్రి తనంతట తానే వచ్చారు’ అని తెలిగించాడు. నేను ‘స్వయానా వచ్చారు’ అని దిద్దాను. ఏది సాధువు?

సమాధానం: మీ అబ్బాయి వాక్యం అర్థాన్నే మార్చేసింది. ‘తనంతట తానే’ అంటే ఎవరూ పిలవకుండానే వచ్చారని. ‘అద్దంలో తనను తాను చూసుకున్నాడు’ అనే చోట ఆంగ్లంలోని ‘హిమ్‌సెల్ఫ్’ కర్మ, తీసేస్తే వాక్యం నిలవదు. మీరడిగిన చోట అది కర్తకు ఊతం మాత్రమే, తీసేసినా మంత్రిగారి రాక ఆగదు. ఆ ఊతాన్ని తెలుగు ఏకారంతో ఇస్తుంది: ‘మంత్రే వచ్చారు’.

పూర్వం మనకు ఈ పనికి అకారం కూడా ఉండేది. గజేంద్రమోక్షంలోని ‘ఎవ్వనిచే జనించు’ పద్యంలో పోతన ‘సర్వముఁ దానయైన వాఁ డెవ్వఁడు’ అన్నాడు. పద్యం కంఠస్థమైనవారు సైతం ఆ ‘తాన’ దగ్గర ఆగరు. అది ‘తాను’ మీద చేరిన అవధారణార్థక అకారం, అంటే నొక్కి చెప్పే అకారం. ‘సర్వమూ తానైనవాడు’ అంటే చెప్పడం. ‘తానయైనవాడు’ అంటే తేల్చి చెప్పడం. పేరైనా ఎత్తకుండా ‘ఎవ్వడు, ఎవ్వడు’ అని వెతుకుతున్న ఏనుగు ఆ ఒక్క అచ్చు దగ్గర నిలదొక్కుకుంటుంది. తరువాత ‘కలఁడో లేఁడో’ అన్న శంకలోనూ పడి, ‘లావొక్కింతయు లేదు’ పద్యానికి వచ్చేసరికి ‘నీవే తప్ప నితఃపరం బెఱుఁగ’ అంటుంది. అక్కడి ఏకారం తక్కినవారందరినీ తోసిపుచ్చుతుంది.

ఆ అకారాన్ని మనం పోగొట్టుకున్నాం. మిగిలిన ఏకారమే రెండు పనులూ చేయవలసి రావడంతో ‘మంత్రే వచ్చారు’ అన్నప్పుడు సాక్షాత్తు ఆయనే వచ్చారా, ఆయన ఒక్కరే వచ్చారా అన్న అనుమానం కలగవచ్చు. సందర్భం తేల్చని చోట ‘స్వయంగా’ అనండి. ‘స్వయం’ సంస్కృతావ్యయం, స్వయంవరం, స్వయంభువు దాని సంతానమే. (స్వయంపాకమూ అంతే: తన వంట తాను చేసుకోవడం దాని అర్థమైనా, దానమిచ్చే బియ్యానికీ పప్పుకీ కూడా మనం ఆ పేరే పెట్టుకున్నాం.) అయితే ‘స్వయంగా తన స్వహస్తాలతో ప్రారంభించారు’ అని రాసే విలేకరులను మాత్రం మన్నించలేను. ‘స్వ’ అంటేనే ‘తన’ అయినప్పుడు ఒక్క చేతికి మూడు కడియాలెందుకు?

ఇక ‘స్వయానా’ చుట్టరికాల పక్కన ఒదిగే మాట: ‘స్వయానా మేనమామ’. ‘స్వయానా వచ్చారు’ అనడమూ వాడుకలో వినబడుతున్నది కనుక తప్పని కొట్టివేయను, నేనైతే రాయను.