ఆ 108ని కొట్టేయకమ్మా

శ్రీకాకుళం

అమ్మాయికి ఆశీస్సులు.

పలాస కాలేజీలో రేడియేషన్‌ను లెక్కపెట్టే గీగర్ కౌంటర్ లేదు కాబట్టి రిమోట్ ల్యాబ్‌తో రేడియేషన్ తీవ్రత పాఠం చెబుతానని రాశావు. సంతోషం. తెర మీద వచ్చేది ఉత్త బొమ్మ కాదని పిల్లలకు ముందే చెప్పు. ఎంఐటీ మొదలుపెట్టిన ఐల్యాబ్ పద్ధతిలో ఆస్ట్రేలియాలోని క్వీన్స్‌లాండ్ విశ్వవిద్యాలయం రేడియేషన్ వెలువరించే స్ట్రాన్షియం-90 సోర్సును, కౌంటర్‌ను అలాగే అమర్చింది. ఇక్కడినుంచి దూరం, సమయం ఎంచి పంపితే అక్కడ నిజమైన యంత్రం లెక్కపెట్టేది.

కంప్యూటర్ తెరిచేముందు ఫోను టార్చి చాలు. అట్టముక్కకు ఒక సెంటీమీటరు చదరపు కిటికీ కోసి, లైటుకు 10 సెంటీమీటర్ల దూరంలో పట్టించు. సెంటీమీటరు గళ్ల గ్రాఫు కాగితం 20 దగ్గర పెడితే వెలుగు నాలుగు గళ్లు, 30 దగ్గర తొమ్మిది గళ్లు ఆక్రమిస్తుంది. గళ్లు వాళ్లే లెక్కపెట్టాలి, నువ్వు నోరు విప్పకు.

తర్వాత జవాబు ముందే రాయించు. సోర్సుకు 2 సెంటీమీటర్ల దగ్గర కౌంటర్ లెక్క 400 వస్తే 4 దగ్గర ఎంత? వంద అంటారు. మూడుసార్లు తీస్తే 96, 91, 108 రావచ్చు. ‘మిషను పాడైంది మేడమ్’ అంటారు. కంగారుపడకు. ఏ కేంద్రకం ఎప్పుడు విచ్ఛిన్నమవుతుందో ఎవరూ చెప్పలేరు, రేకుల కప్పు మీద తర్వాతి చినుకు ఎప్పుడు పడుతుందో చెప్పలేనట్టే. వందకు దాని వర్గమూలం, అంటే పది, అటూ ఇటూ సహజం. 8 దగ్గర 25 వస్తే ఐదు, ఏకంగా ఐదోవంతు! అందుకే దూరం పెరిగేకొద్దీ ఎక్కువసేపు లెక్కపెట్టించు. సమయం నాలుగింతలైతే ఆ తేడా శాతం సగమవుతుంది.

వచ్చిన అంకెను వచ్చినట్టే ఉంచనివ్వడం నేను చేయలేదు. రికార్డులో వంకర చుక్క కనిపిస్తే రబ్బరు అందించేవాణ్ణి. సీనియర్ల రికార్డు చూసి రాసినవాడికి ఇరవైకి ఇరవై, చేతులారా చేసినవాడికి పదిహేను. ఆ ముల్లు ఇంకా గుచ్చుకుంటూనే ఉంది.

సోర్సు లేకుండా లెక్క తీసే వీలుంటే తప్పక తీయించి, ఆ అంకెను మిగతావాటిలోంచి తీసేయించు. సున్నా ఎందుకు రాలేదంటారు. చుట్టూ ఎప్పుడూ కొంత సహజ రేడియేషన్ ఉంటుందని, మన కళింగపట్నం తీరపు ఇసుకలోనూ మోనజైట్ అనే ఖనిజం, అందులో రేడియేషన్ వెలువరించే థోరియం ఉన్నాయని చెప్పు. కానీ తెర మీది నేపథ్యపు అంకె మాత్రం ఆ ల్యాబ్ ఉన్న ఊరిదే సుమా, మనది కాదు. ఎవరో ఒకరు కొవ్వాడలో ప్రతిపాదించిన అణు విద్యుత్ కేంద్రం మాట ఎత్తుతారు. దానికి మరో పీరియడు పెట్టుకో, లేకపోతే పట్టికలు పక్కకుపోయి వాదనే మిగులుతుంది.

పిల్లల పట్టికలు నాకు పంపు. కొట్టివేతలతో సహా.

నీ మాస్టారు